ఎండ లేని పాఠం

నిన్న మా అపార్ట్‌మెంటు నీళ్ల మోటారు కాలిపోయింది. పొద్దున ఊడదీసుకుని వెళ్లిన మెకానిక్ మధ్యాహ్నం రెండింటికల్లా కొత్త వైండింగ్ చుట్టి తెచ్చేశాడు. నేను మూడో అంతస్తులో కిటికీ పక్కన కూర్చుని పని చేసుకుంటుంటే కింది నుంచి వార్నిష్ వాసన వచ్చింది. ముందు ముక్కులో గుచ్చుకునే ఘాటు, దాని వెనక కాస్త తియ్యదనం. చేస్తున్న పని అక్కడే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి దిగాను. అతను మోటారును బిగించబోతున్నాడు. నేను వంగి రాగితీగ చుట్టల మీద బొటనవేలి గోరుతో నొక్కి చూశాను. గోరు దిగింది.

"ఏం చూస్తున్నరు మేడమ్?" అన్నాడు మెకానిక్.

"ఇది ఆరలేదు."

"తిరుగుతుంటే వేడికి అదే ఆరుతది మేడమ్."

"తిరుగుతుంటే ఆరదు, కాలుతుంది. ఎండలో పెట్టు."

అతను వాచ్‌మన్ వైపు చూశాడు, వాచ్‌మన్ నవ్వాపుకున్నాడు. సాయంత్రం దాకా ఏ ఇంట్లోనూ చుక్క నీళ్లు లేవు. సెక్రటరీ మూడుసార్లు ఫోన్ చేశాడు. నేను కదల్లేదు. ఒంటరి మనిషిని, నాకు ఒక బకెట్టు చాలు, అందుకే ఈవిడకు ఇంత పట్టుదల అని బిల్డింగంతా ఈపాటికి అనుకునే ఉంటారు. అనుకోనీ. మెట్ల మీద కూర్చుని, గంటకోసారి మోటారును ఎండవైపు తిప్పిస్తూ, నేను అంజయ్య సార్‌ని తలుచుకున్నాను.

మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. మొయినాబాద్‌లో, చిల్కూరు దారి మొదట్లో, ఒక శిక్షణ కేంద్రంలో ఆయన మోటారు వైండింగ్ నేర్పేవారు. రేకుల షెడ్డు, ముందు ఖాళీ జాగా, అందులో ఒక సిమెంటు అరుగు. ఆయన బడి అంతే. సన్నటి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న కత్తెర. పట్నంలో ఒక ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు మోటార్లు చుట్టి, అది మూతపడ్డాక ఇటు వచ్చారు. ఆయన దగ్గర నేర్చుకునేవాళ్లలో సగం మంది చేలు అమ్ముకున్నవాళ్లు. అజీజ్‌నగర్ చుట్టుపక్కల పొలాలన్నీ ఫామ్‌హౌసులవుతున్న రోజులవి. నిన్నటిదాకా నాగలి పట్టిన చేతులతో సన్నటి రాగితీగ చుట్టడం నేర్చుకునేవారు. ఆ చేతులకు అది ఎంత కష్టమో నేను దగ్గరుండి చూశాను.

నేను అక్కడికి ఎలా వెళ్లానో చెప్పాలి. అది ఊళ్లో ఎవరిని కదిపినా మాదాపూర్ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల గురించి మాట్లాడే కాలం. మాది చేవెళ్ల, మార్కెట్‌లో మా బాపుది కిరాణా దుకాణం. మా కుటుంబాల్లో ఆడపిల్ల గల్లాపెట్టె దగ్గర కూర్చోవచ్చు గానీ గుమ్మం దాటి ఉద్యోగం చేయడం అప్పటికి లేదు. నేను ఒక కంప్యూటర్ కోర్సు చేసి, ఒక కంపెనీలో చేరి, మెహదీపట్నంలో హాస్టల్‌కు మారాను. ఆ కంపెనీ పని చేతిపనుల పాఠాలను సీడీల మీదికి ఎక్కించడం. కుట్టుపని, నల్లాలు బిగించడం, మోటారు వైండింగ్. నేర్పే సార్ లేని ఊళ్లో కూడా ఒక కంప్యూటర్ ఉంటే చాలు, బొమ్మలు చూసి, మాటలు విని, కావాలంటే వెనక్కి తిప్పుకుని మళ్లీ విని, ఎవరైనా పని నేర్చుకోవచ్చు. నాకు ఆ ఆలోచన ఎంత నచ్చిందంటే ఇంటికి వెళ్లినప్పుడల్లా అదే చెప్పేదాన్ని. బాపు గోధుమపిండి తూకం వేస్తూ వినేవాడు.

"నువ్వు మోటార్ల పాఠం రాస్తవా? ఇంట్ల బల్బు పోతే నన్ను పిలిచినదానివి," అన్నాడొకసారి. కొట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ మాట గుచ్చుకుంది. తర్వాత ఆయన నా పని గురించి ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పడం మానేశాను. హాస్టల్లో మా గదికి నాలుగు మంచాలు, నలుగురివి నాలుగు రకాల డ్యూటీలు. ఒకరు వచ్చేసరికి ఇంకొకరు నిద్రలో ఉండేవారు. వారం రోజులు ఎవరితోనూ పట్టుమని పది మాటలు మాట్లాడకుండా గడిచిపోయేది. సొంత కాళ్ల మీద నిలబడ్డానని పాత స్నేహితురాళ్లకు ఉత్తరాల్లో గొప్పగా రాసుకునేదాన్ని. నిలబడటం నిజమే, పక్కన ఎవరూ లేకపోవడమూ నిజమే.

మొదటిరోజు చేతిలో టేప్ రికార్డర్ పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడ్డాను. "సార్, వైండింగ్‌లో మొత్తం ఎన్ని స్టెప్పులో వరసగా చెప్తే రాసుకుంటాను," అన్నాను. గంటలో అయిపోతుందని నా లెక్క. తిరుగు బస్సు టైము కూడా చూసుకుని వచ్చాను.

ఆయన నన్ను చూశారు, నా రికార్డర్‌ను చూశారు. "గట్ల నిలవడి అడిగితే ఎట్ల మేడమ్? కూసోండ్రి," అని ఒక కాలిపోయిన మోటారును నా ముందు పెట్టారు. "ముందుగాల గిది ఇప్పుండ్రి."

"నేను రాసుకోవడానికి వచ్చాను సార్, చేయడానికి కాదు."

"చెయ్యనిది ఎట్ల రాస్తరు?"

నాకు ఒళ్లు మండింది. అయినా రికార్డర్ పక్కన పెట్టి కూర్చున్నాను. ఆ రోజంతా మాడిపోయిన తీగలు ఒక్కొక్కటే కోసి బయటికి లాగాను. గోళ్లన్నీ నల్లబడ్డాయి. మూడో చుట్ట లాగేసరికి లోపల ఒకచోట రాగి కరిగి ఉండలు కట్టి కనిపించింది. "ఈడనే మొదలైంది మంట," అన్నారాయన నా భుజం మీది నుంచి చూసి. "ఎవడో తొందరపడ్డడు." బస్సు తప్పిపోయింది. ఆ వారంలో ఒక మనిషితో పది మాటలు మాట్లాడింది ఆ ఒక్కరోజే అని హాస్టల్‌కు చేరాక గుర్తొచ్చింది.

ఒకరోజు అనుకున్న పని నాలుగు నెలలు సాగింది. ప్రతి గురువారం వెళ్లేదాన్ని. మేడమ్ పోయి "బిడ్డా" అయ్యాను. ఎప్పుడు వెళ్లినా ఆయన మొదటి మాట "తిన్నవా?" అనే. తిన్నానంటే నమ్మేవారు కాదు. డబ్బా విప్పి జొన్నరొట్టె సగానికి తుంచి, దాని మీద టమాటా తొక్కు పెట్టి ఇచ్చేవారు. రొట్టె ఆయన చేసుకున్నదే, అంచులు ఎప్పుడూ మాడి ఉండేవి. "కరెంటు పని వచ్చినంత మంచిగ పొయ్యి పని రాలే," అనేవారు. భార్య పోయి ఆరేళ్లు. పిల్లలు లేరు. ఆ సంగతి ఎవరో చెబితే తెలిసింది. ఆయన చెప్పలేదు.

ఆయన బడిలో ఒక పద్ధతి ఉండేది. నేను ఇంకెక్కడా చూడలేదు. వైండింగ్ చుట్టడం అయిపోయాక, చుట్టల మీద వార్నిష్ పోసి ఆరబెడతారు. అది లోపలిదాకా గట్టిపడితేనే తీగకూ తీగకూ మధ్య అడ్డు నిలుస్తుంది. పచ్చిగా ఉండగా కరెంటు ఇస్తే చుట్టలు అదిరి, ఒరుసుకుని, అంటుకుంటాయి. ఇది అన్ని చోట్లా ఉన్నదే. ఈయన పద్ధతి ఏమిటంటే, ఎవరి మోటారుకు వార్నిష్ పోసినా, ఆ రోజు తరగతి మొత్తం దాని చుట్టూ కూర్చోవాలి. మోటారు అరుగు మీద, ఎండలో. మనుషులు చుట్టూ, రేకు నీడలో. గంటకోసారి ఒకరు లేచి దాన్ని తిప్పాలి. గోరుతో నొక్కి చూడాలి. గోరు దిగకుండా ఉండేదాకా ఎవరూ కదలకూడదు. మబ్బు పడితే మరుసటి రోజు మళ్లీ కూర్చోవాలి.

"ఒక్కరు కావలి ఉంటే సరిపోదా సార్? మిగతావాళ్లు వేరే పని చేసుకోవచ్చుగా," అన్నాను మొదటిసారి చూసినప్పుడు. కంపెనీలో టైము గురించి రోజూ వినే మాటలు నోట్లోంచి వాటంతటవే వచ్చేవి.

"ఏం పనున్నది బిడ్డా గంత జరూరు? చుట్టుడు చెయ్యి నేర్సుకుంటది. ఆగుడు ఎవరు నేర్పాలె? కొత్తగ చుట్టినోనికి ఎప్పుడు కరెంటిస్త, ఎప్పుడు తిప్పుత అనే ఉంటది. గా తొందర ఎండల కూసుంటెనే వోతది."

నేను కూడా కూర్చున్నాను. నాకేమీ తోచలేదు, గంట గడిచేసరికి పిచ్చెక్కినట్టయింది. రెండో గంటకు పక్కనున్నాయన అమ్మేసిన తన చెలక గురించి చెప్పడం మొదలుపెట్టాడు. క్యారెట్ ఎలా పండేదో, తవ్వి కడిగితే ఎలా మెరిసేదో. మధ్యాహ్నానికి నేను మా బాపు అన్న బల్బు మాట చెప్పుకుని, అందరితో కలిసి నవ్వాను. ఆ అరుగు దగ్గర నాకు ఒంటరితనం అనిపించలేదు. అంత తేలిక మాట చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

సాయంత్రం అందరూ వెళ్లిపోయాక షెడ్డుకు తాళం వేస్తూ ఆయన అన్నారు, "ఇగ ఇంటికి వోయి గోడలు జూసుడే బిడ్డా. నాకు గీ ఎండ రోజులే మంచిగుంటయి." నేను తలూపాను. నాకూ హాస్టల్ గోడలే ఉన్నాయని చెబితే బాగుండేది. బస్సు వస్తోందని పరుగెత్తాను.

తర్వాత కెమెరా వాళ్లు వచ్చి రెండు రోజుల పాటు ఆయన చేతుల్ని తీశారు. పాఠానికి గొంతు కూడా ఆయనదే. మొదట్లో బిగుసుకుపోయి పుస్తకం చదివినట్టు మాట్లాడితే, నేను కెమెరా పక్కన కూర్చుని, "నాకు చెప్పండి సార్, దానికి కాదు," అన్నాను. అప్పటినుంచి బ్రహ్మాండంగా చెప్పారు. ఆరబెట్టే రోజును కూడా తీశాం. అరుగు, మోటారు, చుట్టూ మనుషులు, తిరుగుతున్న నీడ, గోటితో నొక్కడం. ఆయన అందులో అన్న మాట నాకు ఇప్పటికీ కంఠతా ఉంది: "ఈడ ఏం పని లేదనుకోవద్దు. ఈడ ఉండుడే పని."

ఆ ముక్క తీసేసింది నేను. మా టీమ్ లీడర్ తీసెయ్యమన్నాడని చెప్పుకుంటే తేలికగా ఉండేది. కానీ అతను ఆ ముక్కను చూడనే లేదు. పాఠం నిడివి మాకు పెట్టిన హద్దు దాటింది, ఏదో ఒకటి కొయ్యాలి. తెర మీద ఏమీ కదలని చోటు అదొక్కటే. నేను అప్పట్లో మహా తెలివైనదాన్ని కదా, మౌస్ రెండు నొక్కులతో పని అయిపోయింది. ఆయన చేతులు వార్నిష్ పోస్తాయి, మరుక్షణం మోటారు తిరుగుతుంది. చూడటానికి చాలా చురుగ్గా, అందంగా ఉంది. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు.

పాఠం పూర్తయ్యాక నేర్పిన మనిషి చూసి, అంతా సరిగ్గా ఉందని కాగితం మీద సంతకం చేయాలి. కంప్యూటర్ ముందు ఆయన్ని కూర్చోబెట్టి చూపించాను. తన చేతుల్ని తెర మీద చూసి మొదట మురిసిపోయారు. చివరికి వచ్చేసరికి ముందుకు వంగారు.

"నడుమ ఎండ ఏది బిడ్డా?"

"అది తీసేశాం సార్. నిడివి ఎక్కువైంది. అయినా వార్నిష్ ఆరబెట్టాలని అందరికీ తెలిసిందే కదా."

"తెలిసినోళ్లు గీ పాఠం ఎందుకు జూస్తరు?"

నాకు చిరాకు వేసింది. సీడీలు అచ్చుకు వెళ్లే రోజు దగ్గరపడింది. "సార్, ఇప్పుడు మళ్లీ మార్చాలంటే కుదరదు. తర్వాత పంపుల పాఠం కూడా మీతోనే చేద్దామనుకుంటున్నాం. ప్రతిదానికీ ఇలా అభ్యంతరం చెబితే మా వాళ్లు ఇంకో సార్‌ను చూసుకుంటారు," అన్నాను. ఆ మాట ఎవరూ అనమనలేదు. ఇంకో సార్ గురించి ఆఫీసులో ఎవరూ అనుకోనూ లేదు. పని త్వరగా కావాలని నేను కల్పించుకుని అన్నాను.

ఆయన కాసేపు తెర వైపే చూశారు. తర్వాత కలం తీసుకుని, పేరంతా కూడబలుక్కుని సంతకం చేశారు. "మంచిగనే ఉన్నది," అన్నారు. "మళ్ల ఎప్పుడొస్తవ్?"

"పంపుల పాఠం మొదలవగానే," అన్నాను. ఆ పాఠం మా కంపెనీ చేయనే లేదు. నన్ను కుట్టుపని పాఠాలకు మార్చారు. గురువారాలు ఆగిపోయాయి. చేవెళ్ల వెళ్లే బస్సు మొయినాబాద్ మీదుగానే పోతుంది, నెలకు రెండుసార్లు ఆ దారినే వెళ్లేదాన్ని. ఈసారి దిగుదాం అనుకునేదాన్ని, సామాను ఉందనో, ఆలస్యమైందనో కూర్చుండిపోయేదాన్ని.

ఈలోగా ఆ కేంద్రం వాళ్లే చేవెళ్లలో ఇంకో శాఖ తెరిచారు. అక్కడ వైండింగ్‌కు సార్ లేరు. కంప్యూటర్లు, మా సీడీ, సామాను ఉన్న ఒక గది, అంతే. మా ఆలోచన నిజంగా పనిచేస్తుందా అని చూడటానికి అదే మొదటి చోటు. దాని గురించి ఆఫీసులో మిఠాయి పంచారు. నేను రెండు తిన్నాను.

వానాకాలంలో ఒకరోజు మొయినాబాద్ కేంద్రం మేనేజరు నుంచి ఫోన్ వచ్చింది. టీమ్ లీడరూ నేనూ వెళ్లాం. షెడ్డులో నేల మీద ఒక మోటారు, పూర్తిగా మాడిపోయి ఉంది. దాని పక్కన నలభై ఏళ్ల మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు, అతని వెనక అంజయ్య సార్ నిలబడి ఉన్నారు. పేరు నర్సింలు. చేవెళ్ల దగ్గరి ఊరే. చేను అమ్మి, ఆ శాఖలో మా సీడీతోనే పని నేర్చుకున్నాడు. వాళ్ల ఊరి పిండిగిర్ని మోటారు అతని మొదటి పని. ఊరంతా చూడ్డానికి వచ్చిందట. స్విచ్ వేస్తే మోటారు తిరిగింది, అందరూ భేష్ అన్నారు, కాసేపటికి గిర్ని నిండా పొగ.

"సీడీల ఉన్నది ఉన్నట్టే చేసిన సార్," అన్నాడు నర్సింలు మా అందరి వైపు చూస్తూ. ఎవరికి చెప్పుకోవాలో అతనికి తెలియలేదు. "ఎన్నిసార్లు జూసిన్నో లెక్క లేదు. చుట్లు తప్పలే, వార్నిష్ తప్పలే. మా ఊర్ల ఇప్పుడు నా మొకం జూసి నవ్వుతున్నరు. ఇగ నాకెవరు పనిస్తరు?"

మేనేజరు కంప్యూటర్‌లో పాఠం పెట్టాడు. అందరం నిలబడి చూశాం. అంజయ్య సార్ చేతులు వార్నిష్ పోశాయి. మరుక్షణం మోటారు తిరిగింది. నేను అంత మెచ్చుకోళ్లు పొందిన చోటు అదే. నర్సింలు తెర వైపు వేలు చూపించి, "చూసిన్రా? నేను గట్లనే చేసిన," అన్నాడు.

"ఇది ఇలా ఉందని ఎవరు ఒప్పుకున్నారు?" అని మేనేజరు ఫైలు తెరిచాడు. సంతకం బయటపడింది. మా టీమ్ లీడర్ ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపించింది. ఇక నేను నోరు తెరవాలి. ఒక్క వాక్యం చాలు. ఆ ముక్క నేను తీసేశాను, ఆయన వద్దన్నారు, నేనే వినలేదు. వాక్యం నోటిదాకా వచ్చింది. ఉద్యోగం పోతే చేవెళ్ల కొట్లో, నవ్వే ఆ మనుషుల ముందు కూర్చోవాలని గుర్తొచ్చింది. నేల వైపు చూశాను.

"సంతకం నాది," అన్నారు అంజయ్య సార్. "తప్పు నాదే."

మేనేజరు ఇంకేదో అనబోతే ఆయన వినిపించుకోలేదు. మోటారు పక్కన కూర్చుని, కత్తెర తీసి, మాడిన చుట్టను ఒకదాన్ని కోసి వెలుతురులో పట్టి చూశారు. "నర్సింలూ, జర ఇటు జూడు. చుట్టు మంచిగ కట్టినవ్. నీ చేతిల ఏం తప్పు లేదు. ఫికర్ చెయ్యకు, మనం ఇద్దరం కలిసి మళ్ల కడ్దాం. నేను మీ ఊరికొస్త."

ఆయన నిజంగానే వెళ్లారు. మోటారు మళ్లీ చుట్టించి, గిర్ని ముందు ఎండలో పెట్టి, మబ్బులు వస్తూ పోతూ ఉంటే రెండు రోజులు నర్సింలుతో పాటు కూర్చున్నారు. పిండికి వచ్చిన వాళ్లందరికీ, "నేను చెప్పుట్ల తప్పిన, మీ నర్సింలు చేసుట్ల తప్పలే," అని చెప్పారట. నర్సింలు పేరు నిలబడింది. ఆయన పేరు పోయింది. కేంద్రం వాళ్లు ఆ ఏడాది ఆఖరుకు, ఎలాగూ కంప్యూటర్లు ఉన్నాయి, పైగా ఈయన పాఠం తప్పని తేలింది కదా అని ఆయన్ని మానిపించేశారు. సీడీని సరిచేసే పని నాకే వచ్చింది. తీసేసిన ముక్కను మళ్లీ అతికించడానికి కూడా రెండు నొక్కులే పట్టింది. సరిచేసినందుకు నాకు మంచి పేరొచ్చింది.

ఏడాది దాటాక ఒక ఆదివారం మొయినాబాద్‌లో దిగాను. అడుగుతూ అడుగుతూ అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌసు చేరాను. ఆయన అక్కడ వాచ్‌మన్‌గా ఉన్నారు. ఎవరూ లేని పెద్ద ఇల్లు, దాని చుట్టూ పచ్చగడ్డి, గేటు పక్కన ఒక చిన్న గది. యజమానులు ఎప్పుడో ఒకసారి వస్తారట. చొక్కా జేబులో కత్తెర లేదు. నన్ను చూసి గేటు తీయడం కూడా మరిచిపోయి నిలబడ్డారు.

"తిన్నవా?" అన్నారు.

నేను గేటు అవతలే ఏడ్చేశాను. లోపలికి వెళ్లి, మంచినీళ్లు తాగి, అనాల్సింది అన్నాను. ఆ ముక్క తీసింది నేనని, ఇంకో సార్ మాట అబద్ధమని, ఆ రోజు నోరు విప్పనిది ఉద్యోగం కోసమని. చెబుతున్నంతసేపూ ఆయన గడ్డి వైపు చూస్తూ విన్నారు.

"నీది నువ్వు చెప్పినవ్," అన్నారు. "నాది గూడ ఇను. పాఠంల ఎండ లేకపోతే ఎవనిదో ఒకనిది మోటార్ కాలుతదని నాకు ఎరుకే. ముప్పై ఏండ్ల సంది జేస్తున్న పని, నాకు ఎరుక లేకుంట ఉంటదా? ఎరుకుండి సంతకం వెట్టిన. తప్పు నాదన్నది నిన్ను కాపాడుదామని కాదు బిడ్డా. నిజంగనే నాది."

"మరి ఎందుకు పెట్టారు సార్?"

ఆయన చేతులు ఒకదాన్నొకటి రుద్దుకున్నారు. తర్వాత సిగ్గుపడుతున్నట్టు నవ్వారు.

"ఒద్దంటే నువ్వు ఇంకో సార్ దగ్గరికి వోతవనుకున్న. గురువారం గురువారం ఒక మనిషి వస్తుండె. అది బందయితదని భయమైంది."

ముప్పై ఏళ్ల పనితనం ఉన్న మనిషి, వారానికి ఒకసారి వచ్చే నా కోసం, తనకు తెలిసిన నిజాన్ని మింగేశాడు. నేను ఆ నిజాన్ని మింగిందేమో మా బాపు కొట్లో నవ్వులకు భయపడి. ఇద్దరికీ ఇళ్లలో గోడలే ఉన్నాయి. ఒకరికొకరం చెప్పుకుని ఉంటే ఆ కాగితం మీద సంతకం పడేదే కాదు.

మేనేజరు దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. "ఇప్పుడెందుకు మేడమ్ అవన్నీ, సీడీ సరైపోయింది కదా," అన్నాడు. ఆయన్ని మళ్లీ పనిలోకి తీసుకోమంటే, వైండింగ్ కోర్సే ఎత్తేస్తున్నాం అన్నాడు. చేవెళ్లలో నర్సింలు షెడ్డుకు వెళ్లి అతనికీ చెప్పాను. అతను చేతిలోని తీగ చుట్టను పక్కన పెట్టాడు. తర్వాత, "సార్ ఎదురుంగ చెప్పాల్సింది మేడమ్, గా దినమే," అన్నాడు. అది నిజం, నేను ఒప్పుకున్నాను. కొన్నాళ్లపాటు ఆదివారాలు అజీజ్‌నగర్ వెళ్లాను. గేటు పక్కన ఇద్దరం కూర్చునేవాళ్లం, మాటలు ఉంటే మాట్లాడుకునేవాళ్లం. ఒక ఎండాకాలం ఆయన పోయిన కబురు నర్సింలు ఫోన్‌లో చెప్పాడు. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది.

నేను ఇప్పటికీ ఆ పనిలోనే ఉన్నాను. సీడీలు పోయాయి, పాఠాలు ఫోన్లలోకి వచ్చాయి, ఎక్కడో అడవి పక్క ఊళ్లో కూర్చుని కూడా మనుషులు చేతిపని నేర్చుకుంటున్నారు, అందులో నాకు ఇప్పటికీ సంతోషమే ఉంది. నా దగ్గర పనిచేసే పిల్లలు మాత్రం నా గురించి విసుక్కుంటారు. పాఠం చూపించిన రోజు నేను ఎవరి సంతకమూ తీసుకోను. కుట్టేవాళ్లయినా, తాపీ మేస్త్రీ అయినా, చూసి, "మంచిగనే ఉన్నది మేడమ్," అని కలం అందుకుంటారు. నేను కాగితం వెనక్కి తీసుకుని, ఒక మాట చెప్పి వచ్చేస్తాను. మర్నాడు మళ్లీ వెళ్తాను. చాలామంది అప్పుడు, కాస్త మొహమాటపడుతూ, పాఠంలో ఏది తప్పిపోయిందో చెబుతారు.

వాళ్లకు నేను చెప్పే మాట పెద్దదేమీ కాదు. "మీరు బాగుందన్నా, బాగాలేదన్నా, నేను మళ్లీ వస్తాను." అంజయ్య సార్‌కు ఆ రోజు కావాల్సిన మాట అదొక్కటే. నేను అనలేదు.